రాలేదు కాదు, తేలేదు

మొన్న కోర్టు వరండాలో బల్ల మీద కూర్చుని వకాల్తా కాగితాలకు స్టాంపులు అంటిస్తున్నాను. జిగురు చేదు నాలుక మీద ఇంకా ఉంది. లోపలి నుంచి బంట్రోతు గడప దాటి వచ్చి గొంతెత్తాడు. "బాలమణీ... బాలమణీ... బాలమణీ..." పేరు మూడుసార్లు పిలవడం కోర్టు ఆచారం. చెట్ల కింద కూర్చున్నవాళ్లు తలలెత్తి చూశారు. ఎవరూ పలకలేదు. వాడు వెనక్కి తిరిగి "రాలేదు సార్" అన్నాడు. ఆ మాట వినగానే నా వీపు దానంతటదే నిటారుగా అయింది. లేచి నిలబడి, "రాలేదు కాదు, తేలేదు అను" అన్నాను. వాడు నాకు మనవడయ్యే ఈడువాడు. నవ్వి, "ఏదైతేంది అమ్మమ్మా, లేదు గద" అన్నాడు. ఏదైతే ఏమిటో వాడికి ఎవరూ చెప్పలేదు. నాకు చెప్పిన మనిషి పోయి చాలా కాలమైంది. ఆమె పేరు ఎస్తేరమ్మ. వకీలు. నేను ఆమె దగ్గర గుమాస్తాని.

ఏ కోర్టో చెప్పను. చెప్తే ఆ ఒక్క కోర్టుదే తప్పని మిగిలినవాళ్లు హాయిగా నిద్రపోతారు. నల్లగొండ జిల్లాలోనే ఒకటి అనుకోండి, చాలు. నా సంగతి కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే ఆమె అర్థం కాదు. మాది గడి. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ల మీద పెత్తనం చేసిన ఇల్లు. మా తాత గుర్రం దిగకుండా మాట్లాడేవాడు. మా బాపు కుర్చీ దిగకుండా మాట్లాడేవాడు. నా కాలానికి గుర్రం లేదు, కుర్చీకి కోళ్లు విరిగాయి. నిటారుగా నిలబడే అలవాటు మాత్రం మిగిలింది. బాపు పోయాక అన్న చేనుకు చేను అమ్ముతూ వచ్చాడు. పెళ్లి కాని నేను ఆ ఇంట్లో అన్నం తింటూ ఒకరి ముఖం చూడదలచుకోలేదు. టైపు నేర్చుకుని, ఎనభైలు సగం గడిచాక ఈ కోర్టున్న పట్నం చేరి, గుమాస్తా కావాలని విని ఎస్తేరమ్మ గుమ్మం ఎక్కాను.

ఆమె చిట్యాల అవతలి పల్లెలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టింది. మిషన్ బడిలో చదివి, హైదరాబాదులో లా చదివి వచ్చింది. పొట్టి మనిషి. నల్లకోటు మోచేతుల దగ్గర వెలిసిపోయి ఉండేది. నా ఇంటిపేరు వినగానే కళ్లద్దాలు తీసి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏ గడి?"

చెప్పాను.

"మా ఊరి గడి గాదుగద?"

"కాదు."

"అయితే కూసో. మా ఊరిదైతే నిలవెట్టి మాట్లాడుదును."

కూర్చున్నాను. మా ఇంట్లో ఎవరూ ఎవరి అనుమతితోనూ కూర్చోలేదు. చెంపలు మండాయి. అయినా లేచిపోలేదు, ఎందుకంటే ఆమె నా ముందు నటించలేదు. ఆ రోజు నుంచి నన్ను "దొరసానీ" అని పిలిచేది. అలా పిలవవద్దని ఒకసారి అన్నాను. "మరేమనాలె? నువ్వు చాయ గిలాస పట్టుకునే తీరు సూస్తే నాకు గదే నోట్లెకొస్తది" అంది. వరండాలో వకీళ్లంతా నవ్వారు. ఆమె దగ్గర పని నేర్చుకోవడం అంటే రోజూ గాయానికి కొంచెం ఉప్పు రాయించుకోవడమే.

సైదమ్మ కేసు అప్పటికే మా కాగితాల గూట్లో ఉంది. సైదమ్మ కూలి మనిషి. వాళ్ల ఊళ్లో ఆడవాళ్లంతా కలిసి సారా దుకాణం మీదికి పోయారు. కుండలు పగలగొట్టారు. ఆ తోపులాటలో పొయ్యి తన్నుకుని దుకాణం పాక అంటుకుంది. లోపల పడుకున్న కంట్రాక్టరు మనిషికి చేయి కాలింది. ఇంటికి నిప్పు పెట్టారని, మనిషిని చంపబోయారని కేసు కట్టారు. పోయినవాళ్లు ఊరు నిండా ఉన్నారు. ఒక్కొక్కరికి మొగుడో మరిదో భూమి కాగితం పట్టుకుని వచ్చి జామీను నిలిచాడు. ఒక్క సైదమ్మకు ఎవరూ రాలేదు; నిలిచేవాడు లేడని ఆమె బెయిలు దరఖాస్తు కొట్టేశారు. ఆమె మొగుడు నర్సయ్యకు ఆ దుకాణంలోనే ఊరికే సారా పోస్తున్నారు. పోసేవాడికి ఎదురు తిరిగి పెళ్లాన్ని విడిపించుకుంటాడా? ఆమె సబ్‌జైలులో ఆడవాళ్ల కొట్టులో ఉండిపోయింది. విచారణ మొదలు కాలేదు. నేరం చేసిందో లేదో ఎవరూ తేల్చలేదు. శిక్ష మాత్రం నడుస్తూనే ఉంది.

ఆమె పేరు పిలవడం మొదటిసారి విన్నప్పుడు నేను ఎస్తేరమ్మ వెనక నిలబడి ఉన్నాను. మూడు పిలుపులయ్యాయి. అప్పటి బంట్రోతు ముసలివాడు, "రాలేదు సార్" అన్నాడు. జడ్జి వాయిదా తేదీ చెప్పబోయాడు. ఎస్తేరమ్మ లేచింది.

"రాలేదు కాదు సార్. తేలేదు."

"అదేలెండి."

"అదే కాదు సార్. రాలేదంటే ఆమె తప్పయితది. తేలేదంటే మన తప్పయితది. ఆమె తాళం లోపట ఉన్నది. ఎట్ల వస్తది?"

ఎందుకు తేలేదని జడ్జి పోలీసును అడిగాడు. ఆడ ముద్దాయి వెంట ఆడ పోలీసు ఉండాలి. స్టేషనులో ఉన్న ఒక్క ఆడ కానిస్టేబులునూ మంత్రిగారి సభకు పంపారు. పోయిన వాయిదాకు జాతరకు పంపారు. అంతకుముందు ఆమె కాన్పు సెలవులో ఉంది. ఒక ఆడదానికి కాన్పయితే ఇంకొక ఆడది జైల్లో ఉండాలి. ఇది చెప్తున్నప్పుడు ఆ పోలీసు ముఖంలో సిగ్గు వెతికాను. వాన పడలేదని చెప్పినంత మామూలుగా చెప్పాడు. బయటికి వచ్చాక ఎస్తేరమ్మ నాతో అంది, "కొట్టేటోన్ని సూస్తే నాకు భయం లేదు దొరసానీ. గీ మామూలుగ చెప్పేటోన్ని సూస్తే ఒళ్లు మండుతది." నాకూ మండింది. ఆ మంట ఇంకా ఆరలేదు.

జైలులో కలుసుకోవడాన్ని ములాఖత్ అంటారు. నెలకొకసారి ఎస్తేరమ్మ నన్ను వెంటబెట్టుకుని పోయేది. ఇనుప జాలీ అవతల సైదమ్మ గొంతుక్కూర్చుని ఉండేది. నన్ను చూసి ఒకసారి "గీ అమ్మెవరు, గింత బిర్రుగ నిలవడ్డది? జైలరమ్మనా?" అని అడిగింది. ఎస్తేరమ్మ కడుపుబ్బ నవ్వింది. ఆ నవ్వు ఎక్కువ సేపు ఉండలేదు. తరువాతి ములాఖత్‌లో సైదమ్మ జాలీ పట్టుకుని లేచి నిలబడే ఉంది.

"వకీలమ్మా, నా బిడ్డకు లగ్గం పెట్టుకున్నరంట. పీర్ల పండుగ ఎల్లినంక."

యాదమ్మ ఆమె ఒక్కతే కూతురు. ఇంకా పావడా జాకెట్టు పిల్ల. నర్సయ్య ఆ పిల్లను సారా దుకాణం నడిపేవాడి మేనల్లుడికి ఒప్పుకున్నాడు. తల్లి లోపల ఉన్నంత సేపే ఆ పెళ్లి జరుగుతుందని వాళ్లకు తెలుసు. "నేను బయట ఉంటే వాని కాళ్లిరుగుద్దును" అంది సైదమ్మ. తరువాత గొంతు తగ్గించి, "నన్ను ఒక్కసారి ఇడిపియ్యి. లగ్గం ఆగినంక మళ్లొచ్చి కూసుంట. నీ మీద ఒట్టు" అంది. చేయని నేరానికి తిరిగి జైలుకు వస్తానని ఒట్టు పెట్టింది. ఇంటికి రాగానే ఎస్తేరమ్మ నన్ను టైపు మిషను ముందు కూర్చోబెట్టి, బెయిలు దరఖాస్తు మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

ఈసారి బెయిలు వచ్చింది. తన పేరు మీద పట్టా భూమి ఉన్న ఒక జామీనుదారు నిలవాలని షరతు. మేం సైదమ్మ ఊరికి పోయాం. కుండలు పగలగొట్టిన ఆడవాళ్లంతా వచ్చారు. ఒక్కొక్కరి ఇంటికీ పోయి మగవాళ్లను అడిగాం. ఒకడికి ఒంట్లో బాగా లేదు. ఒకడు అప్పుడే పొలానికి పోయాడు. ఒకడు నిజం చెప్పాడు. "కంట్రాక్టరు కన్ను నా మీద వడతది వకీలమ్మా. నా పెండ్లాన్ని ఇడిపించుకున్న, నాకు గంతే చాలు." అప్పుడు ఎస్తేరమ్మ ఆడవాళ్ల వైపు తిరిగింది.

"మీల ఎవరి పేరు మీదన్న భూమి ఉన్నదా?"

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక ముసలామె, "నాటు మాది, కలుపు మాది, కోత మాది. పట్టా మొగోనిది. గిది గూడ అడగవడితివా బిడ్డా?" అంది. నవ్వులాటగానే అంది. ఎవరూ నవ్వలేదు. వంగి వంగి నడుములు పోయిన ఆడవాళ్లు ఊరి నిండా ఉన్నారు. వాళ్లలో ఒక్కరి పేరు మీదా కుంట భూమి లేదు. వాళ్లు కలిసి దుకాణం మూయించగలిగారు. ఒక మనిషిని జైలు నుంచి తేలేకపోయారు.

తిరుగు బస్సులో నేను చెప్పాను. "నా పేరు మీద ఉంది."

భూమి సీలింగు చట్టం వచ్చినప్పుడు మా వంటి ఇళ్లలో ఏం చేశారో ఈ జిల్లాలో పెద్దవాళ్లకు తెలుసు. ఎద్దుల కాపరి పేరు మీద రాశారు, చచ్చిపోయిన చుట్టాల పేరు మీద రాశారు. మేజరైన పిల్లలకు వేరుగా వాటా ఉంటుందని తెలిసి, నాకు కాగితం మీద వయసు పెంచి ఒక మెట్ట చెలక రాశారు. ఆ చెలక ఎక్కడుందో కూడా నాకు ఎవరూ చూపించలేదు. ఇది విని ఎస్తేరమ్మ బస్సులో అందరూ తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది. "పేదోళ్లకు పోకుంట దాసిన భూమి గదా దొరసానీ. గదే పేదదాన్ని తెస్తదా ఏంది?" నవ్వు ఆగాక మెల్లగా అంది, "వకీలు జామీను ఉండకూడదు, రూలు. గుమాస్తాకు గా అడ్డం లేదు. కానీ నేను చెప్ప. నువ్వే ఆలోచించుకో." ఆలోచించడానికి ఏమీ లేదు. పాసుపుస్తకం మాత్రం అన్న పెట్టెలో ఉంది.

గడికి ఇద్దరం పోయాం. అన్న ఎస్తేరమ్మకు కుర్చీ వేయమనలేదు. ఆమె తనే అరుగు మీద కూర్చుని చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది. సంగతి చెప్పాను. అన్న ముఖం ఎర్రబడింది. ఆ చెలకకు బేరం కుదిరి ఉంది. జామీను పడితే పాసుపుస్తకం మీద కోర్టు ముద్ర పడుతుంది, కేసు తేలేదాకా అమ్మడం కుదరదు.

"గా భూమి నీదనుకుంటున్నవా? నీ పేరు అక్కెరకు వాడుకున్నం, గంతే."

"వాడుకున్నది చాలు. నా పేరు నాకు వాపసు ఇయ్యి."

"ఒక కూలిదానికి మన ఇంటి ఆడపిల్ల జామీనా? తాత ఉంటే నరికేటోడు."

"తాత ఎవరి ముందన్నా తల వంచాడా? నేను కూడా నీ ముందు వంచను."

ఎస్తేరమ్మ మా మధ్యకు రాలేదు. లేచి, మొగసాల పక్కన ఉన్న చిన్న అర్ర వైపు నడిచింది. కిటికీ లేని గది. ఒకప్పుడు వెట్టికి రానివాళ్లను, గింజ ఎత్తుకున్నారని అనుమానం వచ్చినవాళ్లను అందులో వేసేవాళ్లు. ఎన్నాళ్లు అనేది దొర ఇష్టం. దాని తలుపు గొళ్లెం తుప్పు పట్టి ఉంది. ఆమె దాన్ని ఒకసారి ఆడించింది. "మా అమ్మను గిసొంటి అర్రల్నే ఏసిన్రు. కోసిన చేన్ల పరిగె ఏరుకున్నదని. అడిగేటోడు లేడు, అడిగేటందుకు జాగా లేదు. ఇప్పుడు జాగా ఉన్నది. నల్లకోట్లున్నయి, కుర్చీలున్నయి. గొళ్లెం గదే." గొంతు పెంచలేదు. అన్న ఏమనుకున్నాడో తెలియదు. లోపలికి పోయి పాసుపుస్తకం తెచ్చి నా కాళ్ల దగ్గర విసిరాడు. వంగి తీసుకున్నాను. ఆ ఇంట్లో నేను వంగింది అదొక్కసారే. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

కోర్టులో నన్ను బోనుకు ఎదురుగా నిలబెట్టారు. మీ ఇంట్లో మగవాళ్లు లేరా అని జడ్జి అడిగాడు. ఉన్నారు, భూమి నాది అన్నాను. ముద్దాయి మీకేమవుతుంది అన్నాడు. ఏమీ కాదు అన్నాను. "మరి ఎందుకు నిలుస్తున్నారు?" ఎస్తేరమ్మ లేచి, "ఆర్డరు భూమి అడిగింది సార్. చుట్టరికం అడగలేదు" అంది. జడ్జి కలం ఎత్తి సంతకం చేశాడు.

కానీ సంతకం చేసిన కాగితం జైలుకు పోవాలి. మోసే మనిషి భోజనానికి పోయాడు. వచ్చాక ముద్ర దొరకలేదు. ముద్ర దొరికాక కోర్టు గుమాస్తా బీరువా తాళంతో వెళ్లిపోయాడు. మేం కాగితం వెంటబడి జైలు గేటు దగ్గరికి చేరేసరికి పొద్దు కుంకింది. "లాకప్ అయిపోయింది. రేపు పొద్దున ఇడుస్తం. ఒక్క రాత్రే గద మేడమ్" అన్నాడు వార్డరు. యాదమ్మ లగ్గం మర్నాటి తెల్లవారుజామున. అది చెప్పాం. రూలు చూపించాడు. "మీకెప్పుడూ ఒక్కటే" అంది ఎస్తేరమ్మ. "ఒక్క వాయిదా, ఒక్క సంతకం, ఒక్క రాత్రి. గా ఒక్కొక్కటి కూడితే ఒక ఆడదాని బతుకు." వాడు గేటు మూశాడు.

పొద్దున సైదమ్మ బయటికి వచ్చింది. వెలుగుకు కళ్లు మూసుకుంది. మేం చెప్పకముందే మా ముఖాలు చూసి తెలుసుకుంది. ఏడవలేదు. "ఏ ఊరు?" అని మాత్రం అడిగింది. తన ఊరు పోలేదు, నీళ్లు తాగలేదు. ముగ్గురం బస్సు పట్టుకుని యాదమ్మ అత్తగారి ఊరికి చేరేసరికి పందిరి ఆకులు ఇంకా వాడలేదు. సైదమ్మ గడప ఎదుట నేల మీద కూర్చుంది. "నా బిడ్డను తోలుండ్రి" అంది.

మొదట నవ్వారు. తరువాత తిట్టారు. పెళ్లికొడుకు తల్లి వచ్చి, "జైలుకు పోయొచ్చిన మొకంతోని మా గడప ముంగట కూసుంటవా? సిగ్గులేదా?" అంది. సైదమ్మ ఆమెను తలెత్తి చూసి, "నాకు గాడ నేర్పింది గిదొక్కటే అక్కా, కూసునుడు. ఎన్ని దినాలైన కూసుంట. నీకు పనున్నదేమో, పో" అంది. ఎస్తేరమ్మ నల్లకోటు మడిచి తల కింద పెట్టుకుని అక్కడే చెట్టు నీడన నడుం వాల్చింది. నేను నిలబడే ఉన్నాను. "దొరసానీ, గిట్ల నిలవడితే వాళ్లు నిన్ను పోలీసనుకుంటరు. మంచిదే, అట్లనే ఉండు" అంది కళ్లు మూసుకునే. చిన్నపిల్ల పెళ్లి కేసవుతుందని ఊరి పెద్దలకు ఆమె ఒక్కసారే చెప్పింది. మర్నాడు పొద్దెక్కాక తలుపు తెరుచుకుంది. యాదమ్మ బయటికి వచ్చి, కాళ్ల పసుపుతో తల్లికి కొంచెం దూరంగా ఆగింది. ఆ ముఖం గుర్తుపట్టడానికి పిల్లకు కొంచెం సేపు పట్టింది. ఆ కొంచెం సేపు సైదమ్మ ముఖం నేను చూశాను. ఆమెను అంతకాలం లోపల ఉంచిన వాళ్లందరూ అది చూసి ఉంటే బాగుండేది. వాళ్లెవరూ అక్కడ లేరు.

కేసు తరువాత ఎప్పుడో విచారణకు వచ్చింది. చేయి కాలినవాడు పొయ్యిని ఎవరు తన్నారో చూడలేదన్నాడు. వేరే సాక్షి లేడు. నేరం రుజువు కాలేదని కొట్టేశారు. చాయ చల్లారేలోపు అయిపోయింది. సైదమ్మ జైలులో గడిపిన కాలం గురించి ఆ తీర్పులో ఒక్క మాట లేదు. ఆమె మెట్లు దిగుతూ, "నేను చెయ్యలేదని వీళ్లకు గిప్పుడు తెలిసిందా వకీలమ్మా?" అని అడిగింది. "వాళ్లకు ఎప్పుడూ తెలుసు. ఇప్పుడు రాసిన్రు" అంది ఎస్తేరమ్మ.

ఆ తరువాత ఆమె నన్ను లా చదవమని వెంటపడింది. ఫీజు తనే కడతానంది. "నువ్వు ఎంత సేపు గీ టైపు మిషను ముందు కూసుంటవు? బోను ముందర నిలవడు." నేను చదవను అన్నాను. గడి పిల్లవు, ఒకరి కింద చదవడం నామోషీనా అని ఎగతాళి చేసింది. వకీలునైతే జామీను నిలవకూడదు గదా అన్నాను. ఆమె కళ్లద్దాలు తీసింది, నా ఇంటిపేరు మొదటిసారి విన్నప్పటిలాగే. తరువాత, "చాయ చెప్పు" అంది. అంతకంటే పెద్ద మెప్పు ఆమె నోటి నుంచి ఎవరూ వినలేదు. ఆమెను సమాధి చేసిన రోజు పాస్టరు ప్రార్థన చదువుతుంటే, గోడ పక్కన ఆమె జైళ్ల నుంచి విడిపించిన ఆడవాళ్లు నిండి ఉన్నారు. ముందు వరసలో సైదమ్మ నేల మీద కూర్చుని ఉంది. అందరూ వెళ్లిపోయినా ఆమె లేవలేదు.

నేను గుమాస్తాగానే ఉండిపోయాను. ఒకరి కేసు తేలి పాసుపుస్తకం చేతికి వచ్చాక ఇంకొకరికి నిలుస్తాను. ఆ చెలక ఇప్పుడు రోడ్డు పక్కకు వచ్చింది. రియలెస్టేటువాళ్లు మిఠాయి డబ్బాలతో వస్తారు. ఊరికే దున్నకుండా పడావు పెట్టారు, ఏం పండుతుంది అని అడుగుతారు. డబ్బా వెనక్కి ఇచ్చి పంపిస్తాను. ఏం పండుతుందో చెప్తే వాళ్లకు అర్థం కాదు.

మొన్న బంట్రోతు లోపలికి పోయాక బాలమణి సంగతి కనుక్కున్నాను. తోటకాడ పని చేసే పిల్ల. బెయిలు వచ్చి చాలా రోజులైంది. భూమి ఉన్నవాళ్లెవరూ దొరకలేదట. స్టాంపుల డబ్బా మూసి పక్కన పెట్టాను. పాసుపుస్తకం సంచిలోనే ఉంది.